పచ్చ స్ప్రింగు చూశారా?

పెద్దమేస్త్రిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు రాదు, ప్రశ్న వస్తుంది. పరీక్ష పెట్టకుండా ఆయన ఎవరికీ ఏదీ చెప్పిన పాపాన పోలేదు. నలభై ఒక్క ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి కదా, ఈ జాగ్రత్త లిఫ్టుల వరకే అయితే ఎవరైనా సరిపెట్టుకుంటారు. ఒకసారి వీధిలో ఎవరో పెద్దమనిషి "టైమెంతయిందండీ?" అని అడిగాడు.

"ఎందుకు?" అన్నాడు పెద్దమేస్త్రి.

"ఎనిమిదింటి బస్సు పట్టుకోవాలండీ."

"ఎక్కడెక్కుతారు?"

"మార్కెట్ దగ్గర."

"నడిచి వెళ్తారా, పరిగెత్తి వెళ్తారా?"

"నడిచేనండీ."

అప్పుడు పెద్దమేస్త్రి వాచీ చూసుకుని, "అయితే మీకు టైముతో పనిలేదు. ఆ బస్సు దాటిపోయింది" అని చెప్పి తన దారిన తాను చక్కా పోయాడు.

ఈ ముచ్చట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పగలిగినవాడు ఆయన అల్లుడు. అల్లుడు స్కూల్లో లెక్కల మాస్టారు. వందల మంది పిల్లలకి పరీక్షలు పెట్టిన చెయ్యే గానీ, పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజున ఈ మామగారి ముందు కూర్చుంటే చొక్కా తడిసిపోయింది. జీతమెంత, ఇల్లుందా, అలవాట్లేమిటి అని అందరు మామగార్లూ అడిగేవి ఆయన అడగలేదు. "మీరు లిఫ్టులో ఉన్నారు. రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. మొట్టమొదట ఏం చేస్తారు?" అన్నాడు.

కుర్రవాడు పైకి చూశాడు, కిందికి చూశాడు, పెళ్ళికూతురి వైపు చూసే ధైర్యం చాల్లేదు. "తెలీదండీ. లోపలే కూర్చుని ఎవరినైనా పిలుస్తానేమో" అన్నాడు.

పెద్దమేస్త్రి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అంతకు ముందు వారం వచ్చిన సంబంధం ఒక ఇంజనీరుది. అతను తలుపులు చేత్తో తెరిచి కిందికి దూకేస్తానని రొమ్ము విరుచుకుని చెబితే, "కాఫీ తాగి వెళ్ళండి" అన్నారట. పాస్ మార్కులు రాకపోయినా జాలిపడి పిల్లనిచ్చారనే అల్లుడు తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాడు.

అసలు తంటా రిటైరయ్యాక మొదలైంది. రోజంతా ఇంట్లో మనిషి, అడగడానికి మరో మెకానిక్ లేడు, ఉన్నది భార్య ఒక్కతే. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ అడిగితే, "ఎన్ని చెంచాలు వేశావు? గుండ్రటి చెంచానా, పొడుగు చెంచానా?" అనేవాడు. మూడు నెలలు ఓర్చుకుని, ఆవిడ అల్లుడి చేతులు పట్టుకుంది.

"బాబ్బాబు, ఈయనకి ఏదో ఒక పని చూపించు. లేకపోతే నేను మీ ఇంటికొచ్చేస్తాను."

రెండో మాట వినగానే అల్లుడు ఆ వారమే ఒక ఫోరం తయారుచేసి పెట్టాడు. లిఫ్టు మెకానిక్కులు ఇంటర్నెట్లో ఒకచోట చేరి, పనిలో వచ్చిన చిక్కులు ఒకరినొకరు అడిగి తెలుసుకునే వేదిక అది. కొత్తగా చేరేవాళ్ళు పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ రాయాలి. ఫోన్ నంబరు తప్పకుండా ఉండాలని పట్టుబట్టినవాడు పెద్దమేస్త్రే. గుమ్మం కాపలా కూడా ఆయనదే. ఎవరి ప్రశ్న నిలవాలో, ఎవరిది మూసెయ్యాలో ఆయన ఇష్టం. లిఫ్టు పని తెలియనివాడు, ఇక్కడ చదివిన నాలుగు ముక్కలతో మోటారు గదిలో చెయ్యి పెడితే ఆ చెయ్యి తిరిగి రాదు. అందుకని పనివాళ్ళకే సాయం, బయటివాళ్ళకి లేదు అన్నది ఫోరం నియమం. రెండేళ్ళు తిరిగేసరికి మూడు వేలమంది చేరారు.

మరి వచ్చినవాడు పనివాడో, వేషగాడో ఎలా తెలుస్తుంది? పొద్దున్నే ఏడింటికి ముందుగదిలో టేబుల్ దగ్గర కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే పెద్దమేస్త్రి ఒకే ఒక ప్రశ్న టైపు చేసేవాడు.

"మోటారు గదిలో పెద్ద చక్రం వెనక పచ్చ స్ప్రింగు ఉంటుంది. చూశారా?"

"చూశానండీ, బాగానే ఉంది" అని జవాబు వచ్చేది.

"సంతోషం. దగ్గర్లో మంచి మెకానిక్‌ని పిలవండి. నమస్కారం." అంతే, ప్రశ్న మూతపడేది.

ఎందుకంటే పచ్చ స్ప్రింగు అనేది ఈ భూప్రపంచంలో ఏ లిఫ్టుకీ లేదు. "ఎంత వెతికినా కనబడలేదు మేస్త్రిగారూ, అదేంటో నాకు తెలీదు" అన్నవాడికి మాత్రం ఆయన దగ్గర కూర్చుని నేర్పినట్టు పేజీలకి పేజీలు రాసేవాడు, అదీ ఒంటివేలితో. అలా గట్టెక్కినవాళ్ళు ఈ రహస్యం బయటపెట్టేవాళ్ళు కాదు. తాము దాటొచ్చిన గోతిలో తోటివాడు పడుతుంటే చూడ్డం ఎవరికి చేదు?

దాంతో పచ్చ స్ప్రింగు పుట్టి పెరిగింది. ఒకడు "బిగించానండీ" అన్నాడు. ఒకడు "అరిగిపోతే కొత్తది వేశాను, కంపెనీదే" అన్నాడు. ఒక ఘనుడైతే మామూలు స్ప్రింగుకి పచ్చరంగు పూసి ఫొటో పంపాడు. ఫొటోలో వాడి బొటనవేలు కూడా పచ్చగానే ఉంది. విడిభాగాలు అమ్మే దుకాణం వాళ్ళెవరో "పచ్చ స్ప్రింగులకి బాగా గిరాకీ ఉందని విన్నాం, ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగిన రోజున పెద్దమేస్త్రి నవ్వీ నవ్వీ పొలమారి రెండు చెంబుల నీళ్ళు తాగాడు.

"మామయ్యగారూ, ఇదేం పరీక్షండీ? లేనిదాని గురించి అడగడం?" అన్నాడు అల్లుడు.

"తెలీదన్నవాడు చెయ్యి పెట్టేముందు ఆగుతాడు అల్లుడుగారూ. తెలుసన్నవాడు ఆగడు. నాకు ఆగేవాడు కావాలి."

మూసేసిన ప్రతి ప్రశ్న తాలూకు వివరాలూ ఆయన ఒక నల్ల అట్ట నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అది నిషేధాల పుస్తకమనీ, అందులో పేరెక్కినవాడికి జన్మలో ఫోరంలో సాయం అందదనీ పుకారు పుట్టింది. ఇంకొక వింత కూడా ఉండేది. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ముందుగది తలుపు వేసేసేవాడు. "ఆ టైములో రాకండి" అని అల్లుడికి ఖరాఖండీగా చెప్పేశాడు. కునుకు తీస్తాడు కాబోలనుకున్నాడు అల్లుడు.

ఇలా సాగుతుండగా ఫోరంలో ఒక సూపర్‌వైజర్ చేరాడు. పధ్నాలుగేళ్ళ అనుభవం, కింద ఆరుగురు పనివాళ్ళు, గుబురు మీసాలు. ఏదో లిఫ్టు బ్రేకు వేస్తే చప్పుడు వస్తోందని అడిగాడు. పచ్చ స్ప్రింగు ప్రశ్న పడింది. మూడు వేలమంది చూస్తుండగా తెలీదని చెప్పడానికి మీసాలు ఒప్పుకోలేదు. "అది మొదటే చూశాను" అని పారేశాడు. నమస్కారం వచ్చింది.

తర్వాత సంగతి తెలిసి సూపర్‌వైజర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తనలా భంగపడ్డవాళ్ళని నూట పన్నెండు మందిని కూడగట్టి, గుమ్మం కాపలా నుంచి పెద్దమేస్త్రిని తప్పించాలని అర్జీ పెట్టాడు. ఆదివారం పది గంటలకి వీడియో సమావేశం, ఓట్లు. ఆ కబురు ఆయనకి చెప్పాల్సిన బాధ్యత ఫోరం నడిపే అల్లుడి మెడకి చుట్టుకుంది.

గురువారం వెళ్ళాడు అల్లుడు. "మామయ్యగారూ, ఒక మాట..."

"మంచిమాటా, చెడ్డమాటా?"

"అంటే..."

"చెబితే బాధపడేది మీరా, నేనా?"

"మీరేనండీ."

"అయితే కూర్చుని చెప్పండి. నిలబడి చెబితే తొందరగా చెప్పేసి పారిపోవాలనిపిస్తుంది."

అల్లుడు కూర్చుని చెప్పాడు. పెద్దమేస్త్రి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "ఆ కుర్చీ పోతే నాకు పొద్దున్నే లేవడానికి పనేముంటుంది అల్లుడుగారూ?" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆయన జవాబు తెలియకుండా అడిగిన ప్రశ్న అదొక్కటే.

అయినా మర్నాడు శుక్రవారం జరిగింది చూశాక అల్లుడు కూడా ఎదురు తిరిగాడు.

ఆ పొద్దున ఫోరంలో ఒకావిడ ఇలా రాసింది. "నేను బట్టలు కుట్టే టైలర్‌ని. మాది ఐదో అంతస్తు. మా లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయింది. తలుపు నాలుగు వేళ్ళ మేర తెరుచుకుని ఉంది. కంపెనీవాళ్ళు సోమవారం వస్తామంటున్నారు. రేపు పదకొండింటికి మా అమ్మ కాలికి వేసిన పిండికట్టు విప్పించాలి. నెలన్నర నుంచి రోజులు లెక్కపెట్టుకుంటోంది. రెండో అంతస్తు ఆయన వీడియో చూశాడట, తలుపు స్విచ్చి దగ్గర ఒక వైరు ముక్క కలిపితే లిఫ్టు నడుస్తుందంటున్నాడు. ఏ రెండిటికి కలపాలో చెప్పండి, పుణ్యముంటుంది."

అలా కలిపితే లిఫ్టు నడిచే మాట నిజమే. తలుపులు బార్లా తెరిచి ఉన్నా నడుస్తుంది. అక్కడే మనుషులు పోతారు.

పెద్దమేస్త్రి మామూలుగానే అడిగాడు. "పచ్చ స్ప్రింగు చూశారా?"

"లేదండీ. అదేంటో కూడా నాకు తెలీదు. నాకు తెలిసిన స్ప్రింగు కుట్టుమిషనులోదే."

ఫోరమంతా ఊపిరి బిగబట్టింది. టైలరమ్మ నిజం చెప్పింది. పరీక్ష పాసైనట్టే. పెద్దమేస్త్రి చూపుడువేలు కదిలింది. "సంతోషం. దగ్గర్లో మంచి మెకానిక్‌ని పిలవండి. మీరు గానీ, ఆ వైరాయన గానీ చెయ్యి పెట్టకండి. నమస్కారం."

ఇంకేముంది, గగ్గోలు. రాతిగుండె అన్నారు, చాదస్తం అన్నారు, నిజం చెప్పినా మూసేశాడన్నారు. మధ్యాహ్నం ఇంటర్వెల్లో చూసుకున్న అల్లుడు స్కూలు నుంచే ఫోన్ చేశాడు.

"ఆవిడ నిజమే చెప్పింది కదండీ?"

"చెప్పింది."

"మరి?"

"నిజం చెప్పిన మనిషికే కదా చెయ్యి పోకుండా చూడాల్సింది? మీకు క్లాసుకి టైమవలేదూ?" అని పెట్టేశాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకి అల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని మామగారింటికి వెళ్ళాడు. పెద్దమేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్ల అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. తన ఓటు ఎటో అల్లుడు చెప్పలేదు. ఆయనా అడగలేదు. అడగకపోవడంతో అల్లుడి ప్రాణం ఇంకా ఉసూరుమంది.

తెర మీద ముఖాలు గళ్ళు గళ్ళుగా నిండాయి. మీసాల వల్ల సూపర్‌వైజర్‌ని గుర్తుపట్టడం తేలికైంది.

"నాకు ఈయన మీద పగేం లేదండీ" అని మొదలుపెట్టాడు. పగ ఉన్నవాళ్ళందరూ అలాగే మొదలుపెడతారు. "లేని స్ప్రింగుని ఉందని చెప్పి, పదిమందిలో పనివాణ్ణి వెర్రివెధవని చేస్తే ఎలా? ముందు ఆ నల్లపుస్తకం చూపించమనండి."

"చూపించను" అన్నాడు పెద్దమేస్త్రి.

"చూశారా! సరే, పెద్దాయన్ని తీసేస్తే ఎవరిని పెట్టాలి? మనిషంటే ఎలా ఉండాలో నేను చెబుతాను వినండి. ఈయన నన్ను గెంటేసిన రోజు సాయంత్రం నాలుగింటికి నాకొక ఫోనొచ్చింది. ఎవరో అక్కయ్య. పేరు చెప్పలేదు. మొట్టమొదట ఏమడిగిందో తెలుసా? 'నాయనా, వేళ్ళు పదీ ఉన్నాయా?' అంది."

తెర మీద నాలుగైదు ముఖాలు ఒక్కసారి ముందుకొచ్చాయి. "నాకూ చేసింది!" అన్నాడొకడు. "నన్నూ అదే అడిగింది, తిన్నావా అని కూడా అడిగింది!" అన్నాడింకొకడు. వాడి బొటనవేలికి ఇంకా కాస్త పచ్చరంగు ఉంది.

"ఆవిడ అడిగితే అబద్ధం చెప్పలేకపోయానండీ" అన్నాడు సూపర్‌వైజర్, గొంతు తగ్గించి. "ఆ స్ప్రింగు చూళ్ళేదక్కా, చప్పుడు ఎందుకొస్తుందో కూడా నాకు తెలీదు అన్నాను. 'ఒక్క నిమిషం నాయనా, పొయ్యి మీద పాలున్నాయి, దించి వస్తా' అని వెళ్ళింది. వచ్చి బ్రేకు సంగతి విప్పి చెప్పింది. ఏ మెకానిక్కూ అలా చెప్పలేడు."

"నాతో మాట్లాడేటప్పుడూ పాలు పెట్టిందండీ!" అన్నాడు పచ్చవేలివాడు. "మూడుసార్లు దించింది. దించొచ్చినప్పుడల్లా ఒక జవాబు!"

పెద్దమేస్త్రి పైకప్పు వైపు చూస్తున్నాడు. అల్లుడికి ఎందుకో అనుమానం మొదలైంది.

"ఇంకా వినండి" అన్నాడు సూపర్‌వైజర్. "మొన్న శుక్రవారం ఈయన తరిమేసిన టైలరమ్మ ఉందే, ఆవిడకీ నాలుగింటికి అక్కయ్య ఫోన్ చేసిందట. చేతులు వెనక్కి కట్టుకుని దూరం నుంచి చూసి ఏం కనబడుతోందో చెప్పమందట. తర్వాత నాకు చేసింది. 'నాయనా, ఆ ఇల్లు మీకు రెండు వీధుల అవతలే. రేపు పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళగలవా? ఒక పెద్దావిడ కాలు కట్టు విప్పించుకోవాలి' అంది. వెళ్ళాను. తలుపు జారే గాడిలో కోటు గుండీ ఒకటి ఇరుక్కుంది. తీసేశాను, తలుపు మూసుకుంది, లిఫ్టు నడిచింది. నేను వెళ్ళేసరికి ఆ రెండో అంతస్తు ఆయన వైరు ముక్క పట్టుకుని మెట్ల దగ్గరే తచ్చాడుతున్నాడు. ఏ వైర్లు కలపాలో ఎవరైనా చెప్పేసుంటే..." అని ఒక్క క్షణం ఆగాడు. చెప్పకుండా ఆపినదెవరో గుర్తొచ్చినట్టుంది. గబగబా గొంతు సవరించుకున్నాడు. "సరే, నేను చెప్పేదేంటంటే, గుమ్మం దగ్గర ఆ అక్కయ్యని కూర్చోబెడదాం. మీరందరూ ఆవిడ గొంతు వినాలి. ఇప్పుడే చేస్తానుండండి."

సూపర్‌వైజర్ నంబరు నొక్కాడు. పెద్దమేస్త్రి వంటింటి వైపు చూసి చెయ్యి ఊపబోయాడు గానీ ఆలస్యమైపోయింది. ఆయన వెనకే, వంటింట్లో, ఫోను ఖంగుమని మోగింది. మూడు వందల గళ్ళలోంచి మూడు వందల మంది ఆ మోత విన్నారు.

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ముందుగదిలోకి వచ్చేసింది. "ఏం నాయనా, ఆదివారం పూట చేశావు? వేళ్ళు పదీ ఉన్నాయా? టైలరమ్మ వాళ్ళమ్మ నడుస్తోందా?" అని, భర్త ఒళ్ళోకి చెయ్యి చాపింది. "ఏమండీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. నిన్నటివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, సాయంత్రం చెయ్యాలి కదా."

తెర మీద మీసాలు కదల్లేదు. మొత్తం సమావేశంలో చప్పుడు చేసింది నిజంగానే పొయ్యి మీద ఉన్న పాలు ఒక్కటే. పొంగిపోతున్నాయి.

అల్లుడు పుస్తకం అందుకుని తెరిచాడు. ప్రతి గీతకీ ఒక పేరు, ఊరు, లిఫ్టు జబ్బు, దగ్గర్లో ఉన్న మెకానిక్ నంబరు. చివర ఒక అంకె. పది. పది. పది. పది. పేజీలకి పేజీలు పదులే. ఒక్కచోట తొమ్మిది అని ఉండి, పక్కన పెద్దమేస్త్రి కోడిగీతల్లో "పాతదే, వడ్రంగం పనిలో పోయిందట, మన తప్పు కాదు, రెండుసార్లు అడిగించాను" అని ఉంది. సూపర్‌వైజర్ పేరు పక్కన "పది. పనివాడు మంచివాడు. మీసాలు అడ్డం" అని ఉంది. అల్లుడు అది పైకే చదివేశాడు.

"మరి మీరే ఫోన్ చెయ్యొచ్చు కదండీ?" అన్నాడు సూపర్‌వైజర్.

"మొదటివాడికి నేనే చేశాను" అన్నాడు పెద్దమేస్త్రి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "నా గొంతు వినగానే ఇంకో ప్రశ్న అడుగుతాననుకుని పెట్టేశాడు. రెండ్రోజులు నిద్రపట్టలేదు. మూడు వేలమంది ముందు తెలీదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఈవిడ దగ్గరైతే చెప్పేస్తారు."

"చెప్పరా మరి? ముందు తిన్నావా అని అడగాలి" అంది అత్తగారు, పాలు దించడానికి పరిగెడుతూ.

ఓట్లు పడ్డాయి. గుమ్మం కాపలా నుంచి పెద్దమేస్త్రిని తప్పించి అక్కయ్యని పెట్టాలని సూపర్‌వైజరే ప్రతిపాదించాడు. మూడు వందలకి మూడు వందలూ అనుకూలం. అందులో పెద్దమేస్త్రి ఓటు కూడా ఉంది. అక్కయ్యకి లిఫ్టుల గురించి ఏమీ తెలియదు కనక, సలహాదారుగా ఆవిడ పక్కన రోజూ ఒకరు కూర్చోవాలని ఇంకో తీర్మానం చేశారు. ఆ ఒకరెవరో పేరు రాయాల్సిన అవసరం రాలేదు. పొద్దున్నే ఏడింటికి లేవాల్సిన పని అలా నిలిచింది. పచ్చ స్ప్రింగు పరీక్ష కూడా నిలిచింది. నమస్కారం పక్కన మాత్రం "నాలుగింటికి ఫోనొస్తుంది" అని చేర్చారు.

ల్యాప్‌టాప్ మూసేస్తూ అల్లుడు నెమ్మదిగా అడిగాడు. "మామయ్యగారూ, పెళ్ళిచూపుల్లో ఆ లిఫ్టు ప్రశ్నకి నేను తెలిసినట్టు ఏదో ఒకటి చెప్పుంటే?"

"కాఫీ తాగి వెళ్ళమనేవాణ్ణి."

తొమ్మిదేళ్ళ తర్వాత, ఫస్టుక్లాసులో పాసయ్యానని తెలిసి అల్లుడు పిల్లాడిలా మురిసిపోయాడు. ఆ మాట భార్యకి చెప్పడానికి కాళ్ళు నేలమీద నిలవలేదు.

చెప్పులేసుకుంటూ ఉండగా లోపల మాటలు వినబడ్డాయి.

"ఏమోయ్, ఒక కప్పు కాఫీ ఇస్తావా?"

గుమ్మం కాపలాకి కొత్తగా ఎన్నికైన మనిషి వంటింట్లోనే ఉంది. గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ముందు పచ్చ స్ప్రింగు చూశారా?"

పెద్దమేస్త్రి కాసేపు ఆలోచించాడు. "తెలీదు" అన్నాడు.

"అయితే కూర్చోండి, తెస్తాను."